హోబర్ట్ వేపుడులో పదో దినుసు

లారెల్ వాగు మలుపులో హోబర్ట్ సైజ్‌మోర్ పెట్టిన కోడివేపుడు కొట్టు ముందు కార్లు బారులు తీరితే, ఆ బారు చివర నిలబడ్డవాడికి ఆకలితో పాటు గడ్డం కూడా పెరిగేదని చెప్పుకుంటారు. అది కొంచెం ఎక్కువే. కానీ పక్క జిల్లా పాస్టరు ఒకాయన ఆదివారం ప్రసంగం సగంలో ఆపి, "నరకం సంగతి వచ్చే వారం చూద్దాం" అని కారెక్కి ఇటొచ్చాడన్నది మాత్రం అక్షరాలా నిజం. కొట్టు కిటికీలోంచి వేడి వేడి కాగితం పొట్లం చేతికందాక ఇంటిదాకా ఆగగలిగిన మనిషి ఆ కొండల్లో పుట్టలేదు. అందరూ కారులోనే విప్పేవారు. మొదటి ముక్క కొరికాక చాలామంది మాటా పలుకూ లేకుండా కొండవైపు చూస్తూ కూర్చునేవారు. కొందరు కళ్ళు తుడుచుకునేవారు. ఏమిటంటే మిరియాల ఘాటనేవారు.

ఆ వాసనకి చచ్చినవాడు లేచి కూర్చుంటాడని కెంటకీ కొండల్లో ఆ చుట్టుపక్కల ఒక మాట ఉండేది. జనం నోట్లో నలిగిన మాటలన్నీ ఉత్తవే అనుకుంటే పొరపాటు.

మార్చిలో హోబర్ట్ పోయాడు. కొట్టు కిటికీకి అడ్డంగా చెక్కలు కొట్టేశారు. ఏప్రిల్ వచ్చేసరికి బర్ల్ స్టిడమ్ తిండి మానేశాడు.

బర్ల్ ముప్పై నాలుగేళ్ళు బొగ్గు గనిలో పనిచేసి, గనిలో దుమ్ము సగం తన ఊపిరితిత్తుల్లో వేసుకుని బయటికొచ్చిన మనిషి. భార్య క్లోవా రెండేళ్ళ కిందట చలికాలంలో పోయింది. అప్పట్నుంచి కూతురు ఏం వండినా వంకే. వారానికి మూడు పొట్లాలు హోబర్ట్ వేపుడు మాత్రం ఎముకలు కూడా నమిలి తినేవాడు. ఇప్పుడు ఆ పొట్లమూ లేదు. పొద్దున అరకప్పు కాఫీ, సాయంత్రం అరకప్పు కాఫీ. దున్నపోతులాంటి మనిషి, చొక్కాని కొయ్యకి తగిలించినట్టు అయిపోయాడు.

"మందు నేనివ్వగలను, ఆకలి నేనివ్వలేనమ్మా" అన్నాడు డాక్టరు, బర్ల్ కూతురు డెల్ఫియాతో. "ఇలాగే ఉంటే ఈ ఎండాకాలం దాటడు."

డెల్ఫియాకి నలభై ఆరేళ్ళు. బడిలో రెండు వందల మంది పిల్లలకి మధ్యాహ్నం వంట చేస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో తండ్రి తప్ప తనని పేరుపెట్టి పిలిచే మనిషి లేడు. ఆ ఒక్కడూ ఎదురుగా కూర్చుని ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. హోబర్ట్ వేపుడు ఇంట్లోనే చేస్తానని పంతం పట్టింది.

ఆఖరి పొట్లం తాలూకు కాగితం పారేయకుండా దాచింది. దాన్ని కిటికీ దగ్గర వెలుగులో పరిచి, అంటుకున్న పొడిని గుండుసూదితో గీకి, నాలుక చివర వేసుకుని ఒక్కో దినుసూ పట్టింది. నల్ల మిరియాలు, తెల్ల మిరియాలు, కారం లేని ఎర్ర మిరప పొడి, ఆవపొడి, శొంఠి, వెల్లుల్లి, ఉల్లి, ఎండిన సేజ్ ఆకు, థైమ్ ఆకు. తొమ్మిది. కోడి ముక్కల్ని రాత్రంతా మజ్జిగలో నానేసింది. పిండీ మసాలా కాగితం సంచిలో పోసి, ముక్కలు వేసి, మూతి బిగించి ఆడించింది. ఇనప మూకుట్లో పందికొవ్వు కాచి వేయించింది. రంగొచ్చింది. కరకర వచ్చింది. పళ్ళెంలో పెట్టి తండ్రి ముందుంచింది.

బర్ల్ ఒక పంటి గాటు పెట్టి చాలాసేపు నమిలాడు. "ఏంటే ఇది?"

"కోడి నాన్నా."

"ఆ సంగతి దానికి తెలుసా?"

రెండోసారి మిరియాలు పెంచింది. "బాగుందే పిల్లా. గోడకి పెచ్చులూడిన చోట పూస్తే పదేళ్ళు కదలదు" అన్నాడు. మూడోసారి పిండి మార్చింది. నాలుగోసారి కొవ్వు మార్చింది. అయిదోసారి ఆయన వెటకారం కూడా చేయలేదు. పళ్ళెం పక్కకి జరిపి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడే డెల్ఫియాకి అసలు భయం పట్టుకుంది. పెరట్లో పదకొండు కోళ్ళు ఆరయ్యాయి. మిగిలిన ఆరూ ఆమె గడప దిగితే చాలు, బడిపిల్లల్లా వరసకట్టి వాగు దాటి పోయేవి.

ఒక శనివారం పొద్దున ఆమె సిగ్గు విడిచి హోబర్ట్ భార్య దగ్గరికి వెళ్ళింది.

ఓనా ముసలమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు సూదీ దారంతో దండ గుచ్చుతోంది. అలా గుచ్చి ఎండేస్తే చలికాలమంతా కూరకి వస్తాయి.

"ఏమే డెల్ఫీ, ఇన్నాళ్ళకి దారి దొరికిందా?"

"పిన్నీ, బాబాయి వేపుడు మసాలా చెప్పు. ఎవరికీ చెప్పను. బైబిలు మీద ఒట్టేయమన్నా వేస్తా."

"బైబిలునెందుకు మధ్యలోకి లాగుతావు? రాసుకో." ఓనా సూది ఆపకుండా తొమ్మిదీ వరసగా చెప్పింది. పాళ్ళు కూడా చెప్పింది. డెల్ఫియా రాసుకోలేదు. అన్నీ తను వేసినవే, తను వేసినంతే.

"ఇవన్నీ వేశాను పిన్నీ. నాన్న ముట్టడం లేదు."

"ఉప్పు వేశావా?"

"ఉప్పు లేకుండా ఎవరైనా వండుతారా?"

"ఏ ఉప్పు?"

"ఏ ఉప్పేంటి? కొట్లో ఉప్పు!"

ఓనా సూదిని చిక్కుడుకాయకి గుచ్చి పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. "రా" అంది.

ఇంటి వెనక కొండలోకి తొలిచిన చల్లటి గది ఒకటి ఉంది. పచ్చళ్ళూ పళ్ళూ గాజు జాడీల్లో పెట్టుకునే గది. ఆ వాగు వెంట అందరికీ ఉంటుంది అలాంటిది. ముందు వరసల్లో టమాటాలు, పీచ్ పళ్ళు, బీట్‌రూట్ దుంపలు. ఓనా వాటిని దాటి చివరి అరల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడున్న జాడీలన్నిట్లో ఒకటే సరుకు. బూడిద రంగు తిరిగిన ఉప్పు. ప్రతి జాడీ మీదా కాగితం ముక్క అంటించి, పెన్సిలుతో పేరు రాసి ఉంది. పేరు కింద ఏడాది.

డెల్ఫియా చదవడం మొదలుపెట్టింది. లూథర్, 1951. మాటీ, 1944. ఆ పక్కన, బడిలో తనకి లెక్కలు చెప్పిన పంతులమ్మ. గని కూలి పోయిన అన్నదమ్ములు ముగ్గురూ ఒకే అరలో. ఒక జాడీ అడుగున చెంచాడు కూడా లేదు. దాని మీద 'పాప, పేరు పెట్టలేదు, 1938' అని ఉంది.

ఆ ఉప్పేమిటో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ కొండల్లో మనిషి పోతే, పెట్టెలో పెట్టేముందు గుండెల మీద ఒక పళ్ళెం ఉంచుతారు. పళ్ళెంలో పిడికెడు మట్టి, పిడికెడు ఉప్పు. మట్టి ఒంటికి, ఉప్పు ఆత్మకి. పెట్టెతో పాటు ఆ రెండూ గోతిలో పడాలి. అప్పుడే మనిషి నిలకడగా పడుకుంటాడు. లారెల్ వాగు వెంట ఎవరు పోయినా పళ్ళెం పెట్టేదీ తీసేదీ హోబర్టే.

"పిన్నీ..." అంది డెల్ఫియా. 

"గనిలో సమ్మె జరిగిన ఏడాది" అంది ఓనా, పొయ్యిలో కట్టెలు ఎలా పేర్చాలో చెబుతున్నంత మామూలుగా. "కంపెనీ కొట్టు మూసేశారు. ఇంట్లో ఉప్పు గింజ లేదు. అప్పుడే మా అత్త పోయింది. ఆ ఉప్పు పారబొయ్యడానికి మీ బాబాయికి చెయ్యి రాలేదు. మట్టి మాత్రం పోసి, ఉప్పు జేబులో వేసుకొచ్చాడు. ఆ పూట ఉన్న ఒక్క కోడికీ అదే రాశాను. ఒక ముక్క తిన్నాడు. తల ఎత్తి వంటింటి వైపు చూసి, 'అమ్మా, నువ్వు కూర్చోవూ' అన్నాడు. పొయ్యి దగ్గరున్నది నేను. నన్ను కాదు చూసింది. నా పక్కకి చూశాడు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆ వేపుడు ముట్టలేదు. అమ్మడమే. అన్ని జాడీల్లోంచీ తలా చిటికెడు తీసి కలిపేవాడు. ఈ వాగు వెంట మనిషి పోని ఇల్లేదే? ఎవరికి తగలాల్సినవాళ్ళు వాళ్ళకి తగిలేవారు." ఓనా పై అరలోంచి ఒక జాడీ తీసి ఏప్రన్ అంచుతో దుమ్ము తుడిచింది. "ఇదిగో, మీ అమ్మ."

డెల్ఫియాకి దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. రెండు చేతులా అందుకుని గుండెకి ఆనించుకుంది. చల్లటి గదిలో ఉన్న జాడీ అరచేతులకి వెచ్చగా తగిలింది.

"వారానికొకసారి. చిటికెడు. దాటొద్దు" అంది ఓనా. "మీ బాబాయి అందర్నీ కలిపేవాడు కాబట్టి ఎవరూ పూర్తిగా వచ్చేవారు కాదు. ఇది ఒక్కదానిదే. గుర్తుంచుకో."

ఆ ఆదివారం మధ్యాహ్నం బర్ల్ ముక్క కొరికాడు. నమలడం ఆపాడు. డెల్ఫియా ఏప్రన్ అంచు నలుపుకుంటూ నిలబడింది. ఆయన మళ్ళీ నమిలాడు. ఒక కాలు ముక్క, ఒక రొమ్ము ముక్క, మెడ ముక్క, మళ్ళీ ఒక కాలు ముక్క.

"ఏం నాన్నా?"

"ఈ కోడికి తను కోడినని తెలిసినట్టుందే" అన్నాడు. ఆయన నవ్వి రెండు నెలలైంది. "మీ అమ్మ చెయ్యి పడింది దీంట్లో."

డెల్ఫియా పెరట్లోకి వెళ్ళి కట్టెల మోపు వెనక నిలబడి ఏడ్చి వచ్చింది.

ఓనా చెప్పినట్టు ఆగి ఉంటే ఏమయ్యేదో. కానీ రెండు వందల మందికి వండిన చెయ్యి చిటికెడు దగ్గర ఆగదు. సోమవారం ఆయన మళ్ళీ పళ్ళెం పక్కకి జరిపేసరికి, ఆమె మళ్ళీ జాడీ తీసింది. మంగళవారం చిటికెడు కాస్తా అరచెంచా అయింది. వేపుడులోనే కాక చిక్కుళ్ళలో, రొట్టెలో, గుడ్డు మీద కూడా పడింది. బర్ల్ మూడు పూటలా తిన్నాడు. బుగ్గలు పూడాయి. వసారాలో కూర్చుని దారినపోయేవాళ్ళని పేరుపేరునా ఎగతాళి చేయడం మొదలుపెట్టాడు. ఆయన బతికాడని ఊరు ఊరంతా కాస్త బాధపడింది కూడా.

రెండో వారంలో కుక్క వంటింట్లోకి రావడం మానేసింది. గడప దగ్గర కూర్చుని, బల్ల దగ్గర ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూస్తూ చెవులు వెనక్కి పెట్టేది.

ఒకరోజు డెల్ఫియా రొట్టెల పిండి కలిపి, గుడ్డ కప్పి, బట్టలారేయడానికి బయటికెళ్ళింది. తిరిగొచ్చేసరికి పిండి గుండ్రంగా ఒత్తి ఉంది. అంచు చుట్టూ బొటనవేలి నొక్కులు. అలా నొక్కడం తనకి ఎప్పుడూ చేతకాలేదు. చిన్నప్పుడు అమ్మ చేతి మీద కొట్టి నేర్పబోయినా రాలేదు.

"ఆ కుర్చీ మీద తువ్వాలు తియ్యి" అన్నాడు బర్ల్ మరోరోజు తింటూ. "మనిషి ఎక్కడ కూర్చుంటుంది?"

డెల్ఫియా తువ్వాలు తీసింది. భయపడాలో సంతోషించాలో తెలియక ఇంకో పళ్ళెం పెట్టింది.

ఇరవై మూడో రోజు. మిట్టమధ్యాహ్నం, ఎండ నేల మీద చతురస్రంగా పడి ఉంది. ఆ ఎండలో, పెరటి తలుపు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి కుర్చీ దాకా తడి పాదాల అచ్చులు. చెప్పుల్లేని ఆడమనిషి పాదాలు. వేళ్ళ దగ్గర ఎర్రమట్టి. వాన పడి పది రోజులైంది. ఆ ఎర్రమట్టి ఉన్నది కొండ మీద, సమాధుల దగ్గరే. పాదాలు వచ్చినవే ఉన్నాయి, వెళ్ళినవి లేవు.

డెల్ఫియా పొరుగింటావిడ గురించి అడిగినట్టు అడిగింది. "నాన్నా, అమ్మ ఏమంటోంది?"

బర్ల్ కుర్చీ వైపు చెవి ఒగ్గాడు. "అలిసిపోయానంటోంది. రోజుకి మూడుసార్లు ఆ కొండ దిగడం, ఎక్కడం తన వల్ల కాదంటోంది. కాళ్ళు ఆరడం లేదట. పిలిచేదాన్ని ఆపమని చెప్పండి అంటోంది." ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఎవరే పిలుస్తోంది?"

డెల్ఫియా ఆయన పళ్ళెం వైపు చూసింది. బర్ల్ వేలికి అంటుకున్న ఉప్పు వైపు చూసుకున్నాడు. చూసుకుని, "ఈ ఉప్పెక్కడిది?" అన్నాడు.

చెప్పింది. మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ కుర్చీ వైపు చూడలేకపోయింది.

బర్ల్ నోట్లో ముక్కని తీసి పళ్ళెం అంచున మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టాడు.

"ఎన్నాళ్ళు?"

"ఇరవై మూడు."

"పూటకొకసారి చొప్పున డెబ్భై దాకా వస్తాయి. దానికి బతికున్నప్పుడే మోకాళ్ళ నొప్పులే."

"నువ్వు తిన్నావు కదా!" డెల్ఫియా అరిచింది. "నువ్వు తింటున్నావు కదా నాన్నా! నువ్వు కూడా పోతే నాకెవరున్నారు?"

"ఎవరూ లేరని మమ్మల్ని జాడీలో పెట్టుకుంటావా?"

ఆ వచ్చే ఆదివారం సమాధుల ఆదివారం. ఏటా ఆ రోజు వాగు వెంట జనమంతా కొండెక్కి, గడ్డి పీకి, సమాధుల మీద కాగితం పూలు పెట్టి, చెట్ల కింద పొడుగాటి బల్లలు వేసుకుని చనిపోయినవాళ్ళ మధ్యే భోంచేస్తారు. బర్ల్ కూడా బయల్దేరాడు. ఎత్తుకుని తీసుకెళ్తామన్నవాళ్ళని, "నన్ను మోసే రోజు ఇది కాదర్రా, తొందరపడకండి" అని కసిరాడు. పది అడుగులు వేసి ఆగాడు. బూటు కాలు ఈడ్చి మళ్ళీ పది అడుగులు. మళ్ళీ ఆగాడు. జనం గంటలో ఎక్కే కొండ ఆయన మధ్యాహ్నానికి ఎక్కాడు.

క్లోవా సమాధి మీద జాడీ బోర్లించాడు. పొడి నేల మీద పడ్డ ఉప్పు, నీళ్ళు ఇంకినట్టు ఇంకిపోయింది. గింజ మిగల్లేదు. "పడుకోవే ఇక" అన్నాడు బర్ల్.

బల్ల దగ్గర డెల్ఫియా ఇచ్చిన పళ్ళెంలో రెండు చెంచాల చిక్కుళ్ళు, ఒక ముక్క మొక్కజొన్న రొట్టె తిన్నాడు. "రుచి కోసం కాదు, నీకోసం" అన్నాడు. ఆ తర్వాత రోజూ అంతే. మందు మింగినట్టు రెండు చెంచాలు. అలా ఆగస్టు దాకా, అక్కడి ఎండాకాలం చివరిదాకా వచ్చాడు. డాక్టరు చెప్పిన ఎండాకాలం దాదాపు దాటేశాడు, డాక్టరు మీద పంతానికే అన్నట్టు.

పోయే ముందు వారం కూతుర్ని మంచం దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "నన్ను మొత్తం పోసెయ్యి. గింజ మిగలకూడదు."

"అలాగే నాన్నా."

"అలాగే అంటే కాదు. నీ నోరు ఒప్పుకున్నంత తొందరగా నీ చెయ్యి ఒప్పుకోదు. నాకు తెలుసు."

ఈసారి పళ్ళెం పెట్టడానికి హోబర్ట్ లేడు. డెల్ఫియాయే పెట్టింది. మట్టి పిడికెడు, ఉప్పు పిడికెడు. మర్నాడు పొద్దున కొండ మీద పాస్టరు చివరి మాట చెప్పాక పెట్టె దింపారు. ఆమె పళ్ళెం పట్టుకుని గోతి అంచున నిలబడింది. ముందు మట్టి పోసింది. చెక్క మీద పడ్డ చప్పుడయింది.

ఉప్పు దగ్గర చెయ్యి ఆగింది.

పక్కనే ఏదో మెరిసింది. ఓనా. సంచిలోంచి శుభ్రంగా కడిగిన గాజు జాడీ తీసి, మూత విప్పి పట్టుకుని నిలబడి ఉంది. మీద కాగితం కూడా అంటించే తెచ్చింది. పేరు రాయడమే తరువాయి.

"పిడికెడు చాలు" అంది గుసగుసగా. "ఈసారి వారానికి చిటికెడే వాడు. నువ్వు పోయేదాకా వస్తుంది. నా దగ్గర మీ బాబాయిది ఉంది. నన్ను చూడు, నేనేం ఒంటరిగా ఉన్నానా?"

డెల్ఫియా ఆమెని చూసింది. ముసలమ్మ మొహం నిండుగా, ప్రశాంతంగా ఉంది. ఆమె పక్కన గడ్డి మాత్రం ఎవరో నిలబడ్డట్టు అణిగి, ఆ అణిగిన చోట తడిగా ఉంది.

పళ్ళెం జాడీ వైపు ఒరిగింది. ఒరిగిందని డెల్ఫియాకి తెలుసు. ఆపింది తనేనా అని మాత్రం తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయింది. పళ్ళేన్ని రెండు చేతులా గోతి మీదికి తిప్పి బోర్లించేసింది. వేళ్ళతో అడుగు కూడా తుడిచింది.

అప్పుడే లోయలోంచి గాలి లేచింది. పడుతున్న ఉప్పులో కొంత వెనక్కి ఎగిరి ఆమె మొహాన కొట్టింది. పెదవుల మీద గింజలు నిలిచాయి.

డెల్ఫియా నోరు బిగించింది. చేతుల నిండా అదే ఉప్పు, గౌను మీదా అదే. దేనితో తుడుచుకుంటుంది? వెనక్కి తిరిగి కొండ దిగడం మొదలుపెట్టింది. "తినేసి వెళ్ళు డెల్ఫీ" అన్నారు చెట్ల కింద భోజనాల బల్ల దగ్గర ఎవరో. తల అడ్డంగా ఊపింది. "ఏడుపు ఆపుకుంటోంది పాపం" అన్నారింకెవరో.

మొదటి మలుపు దాటాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. బూట్లు. పది అడుగులు, ఆగడం. ఈడ్చుకుంటూ మళ్ళీ పది అడుగులు, ఆగడం.

ఆమె తిరిగి చూడలేదు. నాలుక చివర పళ్ళకి గట్టిగా ఆనించి పట్టుకుంది. పెదవులు ఒక్కసారి తడుపుకుంటే చాలు. వెనక నుంచి ఏదో ఒక వెటకారం వినిపిస్తుంది, ఏంటే పిల్లా, పరుగులెందుకు అని. ఆ గొంతు కోసం చెవులు నొప్పి పుట్టాయి. ఆమె ఆగితే అడుగులూ ఆగాయి. నడిస్తే నడిచాయి. తొందరపెట్టలేదు. అలా కొండ మొత్తం దిగారు.

వాగు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. వెనక రెండు బారల దూరంలో బూట్లు ఆగాయి. ఎదురుచూస్తున్నట్టు ఆగాయి. డెల్ఫియా కళ్ళు మూసుకుని మొహం మొత్తం నీళ్ళలో ముంచింది. చేతులు కడిగింది. గౌను అంచు తడిపి పిండింది. పెదవులు మంట పుట్టేదాకా రుద్దింది. తల ఎత్తేసరికి నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

చాలాసేపటికి లేచి వెనక్కి చూసింది. బాట మీద మెత్తటి దుమ్ములో ఆమె అడుగుల వెంటే పెద్ద బూట్ల అచ్చులు వాగు దాకా వచ్చి ఉన్నాయి. చివరి జత మాత్రం కొండ వైపు తిరిగి ఉంది.

డెల్ఫియా వాటి మీద కాలు పడకుండా, గడ్డిలో పక్కగా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.